దిగేటప్పుడు దగ్గర, ఎక్కేటప్పుడు దూరం

2010 వేసవిలో, జనగణనకు ముందు జరిగే ఇళ్ళ లెక్క డ్యూటీ నాకు పడింది. అప్పుడు నేను పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ముప్పై అయిదు గడులున్న పొడుగాటి ఫారం చేతికిచ్చి పంపారు. గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, దీపం దేనితో, వంట దేనితో, రేడియో ఉందా, సైకిలుందా, బ్యాంకు ఖాతా ఉందా. వాళ్ళు మాటల్లో చెప్పినదాన్ని మేం అంకెగా మార్చి గడిలో వెయ్యాలి.

నీళ్ళ ప్రశ్న దగ్గర మూడే జవాబులు. ఇంటి ఆవరణలోనే ఉంటే 1, దగ్గరలో ఉంటే 2, దూరమైతే 3. పల్లెల్లో అర కిలోమీటరు లోపుంటే ‘దగ్గర’ కింద రాయాలని శిక్షణలో చెప్పారు. ఆ ఊరికి నీళ్ళు కొండ దిగువన ఉన్న ఊటగెడ్డ నుంచి రావాలి. ఊరి చివర చింతచెట్టు దగ్గర నిలబడితే కింద కనిపిస్తుంది. కొలిస్తే మూడు వందల మీటర్లకు మించదు. కాకపోతే దారి నిటారుగా ఉంటుంది, వానాకాలంలో జారుతుంది.

ఒక ముసలావిడ అప్పుడే నీళ్ళు తెచ్చి బిందె దించింది. నెత్తిమీది చుట్టకుదురు తీసి అరుగు మీద పెట్టి, ఊపిరి సర్దుకుంటోంది. “నీళ్ళు దగ్గరేనా అమ్మా?” అని అడిగాను. “దిగినప్పుడు దగ్గరే మాస్టారూ, ఎక్కినప్పుడే దూరం” అంది.

నేను 2 వేశాను. నిబంధన ప్రకారం అదే సరైన జవాబు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ 2 వేశాను. నా ఫారాలు మండలానికి, అక్కడి నుంచి జిల్లాకి, ఆ పైన ఢిల్లీకి వెళ్ళాయి. దేశంలో ఇన్ని కోట్ల ఇళ్ళకు నీళ్ళు దగ్గరలో ఉన్నాయని తర్వాత వచ్చిన పట్టికల్లో ఆ ఊరి ఇళ్ళూ ఉన్నాయి.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం, మొన్న మా తమ్ముడి కొడుకు వాట్సాప్‌లో పంపిన జిల్లాల తలసరి ఆదాయాల పట్టిక. వాడు గాజువాకలో ఉంటాడు. “పెదనాన్నా, మన విశాఖే ఫస్ట్” అని రాశాడు. వాడి సంతోషం నాకు అర్థమైంది, నాకూ విశాఖంటే ప్రాణం. కానీ ఆ పట్టిక చూసిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఏళ్ళుగా నాలో ఉన్న అభిప్రాయం ఒకటుంది, దాన్ని వివరంగా రాయాలనిపించింది. పేదరికాన్ని జిల్లా సగటుగా, రాష్ట్ర సగటుగా చెప్పినంత కాలం మనం పేదలు ఎక్కడున్నారో చూడటం లేదు. లెక్క మండలం దాకా, వీలైతే ఊరి దాకా దిగాలి. దిగిన లెక్కను ఆ ఊరివాళ్ళ ముందు పెట్టాలి.

నలభై మూడు మండలాలకు ఒకే అంకె

2011 జనగణన నాటికి ఉమ్మడి విశాఖ జిల్లాలో 43 మండలాలు, దాదాపు 43 లక్షల జనం. అందులో ఏజెన్సీ మండలాలు 11. అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు, ముంచింగిపుట్టు, పెదబయలు. ఈ పదకొండింటిలో ఉండేది సుమారు ఆరు లక్షల మంది. కింద సముద్రం ఒడ్డున రేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, ఫార్మా కంపెనీలు.

జిల్లా తలసరి ఆదాయం అంటే ఇంటింటికీ వెళ్ళి ఎంత వస్తోందని అడిగి రాసింది అనుకుంటారు చాలామంది. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. అసలు పద్ధతి వేరు. ఆ జిల్లా సరిహద్దుల్లో ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువ ఎంతో లెక్కగట్టి, దాన్ని జనాభాతో భాగిస్తారు. ఉక్కు కర్మాగారంలో తయారైన కడ్డీ విలువ, శుద్ధి కర్మాగారంలో తయారైన డీజిల్ విలువ అన్నీ, ముడిసరుకుల ఖర్చు పోను, ఆ మొత్తంలోకి చేరతాయి. అందులోంచి ముంచింగిపుట్టులో పసుపు, పిప్పళ్ళు పండించే రైతు తలమీద కూడా ఒక వాటా వేస్తారు. ఆ వాటా కాగితం మీద ఉంటుంది. అతను సంతకు మోసుకొచ్చిన పసుపు బస్తాకు వచ్చే ధర వేరే చోట ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తలసరి ఆదాయంలో ముందున్న విశాఖ జిల్లానే 2018లో కేంద్రం ఆకాంక్షిత జిల్లాల జాబితాలో పెట్టింది. విజయనగరం, కడప మిగతా రెండు. వెనుకబడిన జిల్లాలను ఎంచి, చదువు, వైద్యం, పోషణ, వ్యవసాయం ఇలా 49 సూచికల్లో ముందుకు నడిపించే పథకం అది. ఒకే జిల్లా ఒక జాబితాలో ముందు వరసలో, ఇంకో జాబితాలో ప్రత్యేక శ్రద్ధ కావాల్సిన చోటు. రెండు లెక్కలూ తప్పు కావు. ఆ జిల్లాకు ఒకటే అంకె వెయ్యడం తప్పు.

విభజన చట్టం కింద వెనుకబడిన ప్రాంతాలకు ఇచ్చిన డబ్బు కూడా ఇలాగే ఏడాదికి జిల్లాకు 50 కోట్ల చొప్పున వచ్చింది. రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు, మొత్తం ఏడు జిల్లాలు. శ్రీకాకుళానికీ 50, విశాఖకూ 50, అనంతపురానికీ 50. విశాఖకు వచ్చిన దాంట్లో కొండ మీదికి ఎంత వెళ్ళాలో ఆ అంకెలో లేదు.

తర్వాత 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పదమూడు ఇరవై ఆరయ్యాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. నర్సీపట్నం దగ్గర మా సొంతూరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. నేను పనిచేసిన ఊరి మనిషి 3వ తేదీ రాత్రి పడుకునేటప్పుడు రాష్ట్రంలోని ధనిక జిల్లాల్లో ఒకదానిలో ఉన్నాడు. తెల్లారి లేచేసరికి వెనుకబడిన జిల్లాలో ఉన్నాడు. ఇంట్లో రాగుల కుండ ఎంతుందో అంతే ఉంది. ఆ ఒక్క గీత మారడానికి ముందు ఎన్ని దశాబ్దాలు ఆ కుండ ఎవరి లెక్కలోకీ రాలేదు!

ఇది విశాఖ ఒక్కదాని కథ అనుకోకండి. 2016 దసరా దాకా తాండూరు, పరిగి, వికారాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. అదే జిల్లాలో గచ్చిబౌలి ఐటీ ఆఫీసులుండేవి. తాండూరు నాపరాతి గనిలో రాయి కోసే కూలీకీ, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కీ కలిపి ఒకే తలసరి. వికారాబాద్ విడిపోయాక చూస్తే, తలసరి ఆదాయంలో తెలంగాణలో రంగారెడ్డి మొదటి స్థానంలో ఉంది, పక్కనే ఉన్న వికారాబాద్ అట్టడుగున ఉన్నవాటిలో ఒకటి.

ఇంకా వెనక్కి వెళ్తే 2010 నాటి వాదనలు గుర్తున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రాష్ట్ర విభజన మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక 2011 జనవరిలో బయటికొచ్చినప్పుడు మా స్టాఫ్‌రూంలో వారం రోజులు అదే చర్చ. హైదరాబాద్‌ని కలిపితే ఒక తెలంగాణ, తీసేస్తే ఇంకో తెలంగాణ కనిపించేవి. అదే నివేదిక పట్టుకుని రాయలసీమ వాళ్ళు “అందరికన్నా వెనకబడింది మేం” అన్నారు. అందరూ చదివింది ఒకే అంకెలు. ఎవరి గీత వాళ్ళు గీసుకుని చదివారు. నేనిక్కడ ఎవరి పక్షమూ తీసుకోవడం లేదు. ఒక రాష్ట్రం ఉండాలా విడిపోవాలా అన్నంత పెద్ద ప్రశ్న కూడా సగటులో ఏ ఊరు కలపాలి, ఏది తియ్యాలి అన్నదాని చుట్టూ తిరిగిందని గుర్తుచేస్తున్నాను, అంతే.

ఖర్చు పెట్టినవాడు పేదవాడు కాడా?

ఆదాయం సరిగ్గా చెప్పరు కాబట్టి మన దేశంలో పేదరికాన్ని ఖర్చుతో కొలిచారు. నెలకు మనిషి ఇంతకన్నా తక్కువ ఖర్చు పెడితే పేద. 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్ మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలిసిందే. పల్లెలో రోజుకు 26 రూపాయలు, పట్నంలో 32. తర్వాత ఆర్థికవేత్త తెందూల్కర్ కమిటీ పద్ధతిలో 2011–12కి నెలకు పల్లెలో 816, పట్నంలో 1000 అన్నారు. దేశంలో 21.9 శాతం పేదలని తేలింది. 2014లో రంగరాజన్ కమిటీ ఈ పేదరికపు గీతను 972కీ 1407కీ పెంచితే అదే ఏడాదికి 29.5 శాతం అయ్యారు. ఒక్క పూట కూడా ఎవరి కంచంలోనూ ఏమీ మారలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తెందూల్కర్ లెక్క 9.2 శాతం. అప్పుడు మా ఊళ్ళో రేషన్ షాపు ముందు వరస చూస్తే, తెల్లకార్డు లేని ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది. దీన్ని పట్టుకుని “కార్డులన్నీ దొంగ కార్డులే” అనేవాళ్ళున్నారు. కొన్ని ఉంటాయి, కాదనను. కానీ గీతకు పది రూపాయలు పైన ఉన్న మనిషిని దొంగ అనడానికి నాకు నోరు రాదు. ఒక్క జ్వరం చాలు అతను కిందికి జారడానికి.

ఖర్చు లెక్కలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం. మా వియ్యంకుడి అన్నగారిది కవిటి వైపు. జీడితోట, కొబ్బరిచెట్లు, పెంకుటిల్లు. చూడ్డానికి కళకళలాడే ఊరు, ఉద్దానం అంటేనే ఉద్యానవనం. ఆయనకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. చికిత్స ఉచితమే అయినా రానుపోను బండి, తోడుగా ఒకరు, మందులు, పళ్ళు, మధ్యలో వచ్చే ఇన్ఫెక్షన్లు. మొదట బంగారం పోయింది, తర్వాత తోట కుదువ పెట్టారు. ఆ రెండేళ్ళలో ఆ ఇంటి నెలసరి ఖర్చు అంతకు ముందెన్నడూ లేనంత పెరిగింది. వైద్యం ఖర్చు కూడా వినియోగం కిందే లెక్క కాబట్టి, ఎవరైనా సర్వేకి వచ్చి ఆ ఇంటి ఖర్చు రాసుకుని ఉంటే ఆ కుటుంబం ఊళ్ళో కలిగినవాళ్ళలో తేలేది. ఆయన పోయాక ఖర్చు తగ్గింది. అప్పు అలాగే ఉంది.

అలాగని ఖర్చు సర్వే పనికిరాదని నేననను. 2011–12 తర్వాత పదేళ్ళకు పైగా అది కూడా లేకుండా గడిపాం. 2017–18లో చేసిన సర్వేను పక్కన పెట్టేశారు. 2022–23 లెక్కలు వచ్చాక గానీ ఆంధ్ర పల్లెల్లో మనిషికి నెలకు సగటున 4,870, తెలంగాణ పల్లెల్లో 4,802, దేశం మొత్తం మీద 3,773 రూపాయలు ఖర్చవుతోందని తెలియలేదు. చదివి సంతోషించాను. ఆ వెంటనే, ఈ 4,870 లో కవిటి ఎంత, కొయ్యూరు ఎంత అన్న ప్రశ్న వచ్చింది. దానికి ఆ పుస్తకంలో జవాబు ఉండదు.

ఇంట్లో ఒక్కడు ఆరో తరగతి

ఖర్చు కొలతకు ఉన్న లోపాలు చూసే బహుముఖ పేదరిక సూచిక తెచ్చారు. నీతి ఆయోగ్ 2021లో మొదటి నివేదిక ఇచ్చింది. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అని మూడు భాగాలు, వాటిలో 12 సూచికలు. 2023 నివేదిక ప్రకారం 2015–16 నుంచి 2019–21 మధ్య ఆంధ్రలో పేదలు 11.77 నుంచి 6.06 శాతానికి, తెలంగాణలో 13.18 నుంచి 5.88 శాతానికి తగ్గారు. ఈ సూచిక మంచి ప్రయత్నమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కనీసం నీళ్ళకోసం మీటర్లు కొలవదు. వెళ్ళి తెచ్చుకుని రావడానికి అరగంట దాటుతుందా అని అడుగుతుంది. ఆ ముసలావిడ మాట సగం విన్నట్టే లెక్క.

కానీ టీచర్ని కదా, చదువు సూచిక దగ్గర ఆగిపోయాను. ఇంట్లో పదేళ్ళు దాటినవాళ్ళలో ఒక్కరైనా ఆరేళ్ళ చదువు పూర్తి చేస్తే ఆ ఇంటికి ఆ విషయంలో లోటు లేనట్టే. నా దగ్గర చదివి ఆశ్రమ పాఠశాలకు వెళ్ళి ఆరు పాసైన పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక్కో పిల్లాడు అలా ఒక్కో ఇంటిని ఆ సూచికలో గట్టెక్కించాడు. తల్లి వేలిముద్రే వేస్తుంది, అక్క మూడో తరగతిలో మానేసి చెల్లెల్ని ఎత్తుకుంది. ఆ ఇంటికి చదువు లోటు లేదట.

జీవన ప్రమాణం భాగం మరీ ఆలోచింపజేస్తుంది. వంట ఇంధనం, మరుగుదొడ్డి, నీళ్ళు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతా అని ఏడు. ఒక్కోదాని బరువు ఇరవై ఒకటిలో ఒక వంతు. మొత్తం మీద మూడో వంతు లోటు ఉంటేనే పేద. అంటే కట్టెల పొయ్యి మీద వండుకుంటూ, మరుగుదొడ్డి లేక, మంచినీళ్ళు లేక, కరెంటు లేక, మట్టి ఇంట్లో, ఏ ఆస్తీ లేకుండా ఉన్న కుటుంబం, ఆరోగ్యం చదువు గళ్ళలో లోటు పడకపోతే, పేద కాదు. ఆరు లోట్లకు 28.6 శాతమే వస్తుంది. బ్యాంకు ఖాతా కూడా లేకపోతేనే ఏడూ కలిసి మూడో వంతు అవుతాయి. జన్‌ధన్ ఖాతా తెరిచిన రోజు ఆ ఇల్లు గట్టెక్కినట్టు. ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉంటాయని నేననడం లేదు. చాలాచోట్ల లోట్లన్నీ ఒక్క ఇంట్లోనే గుట్టపడతాయి. కానీ ఈ గీత కూడా ఎవరో ఒక గదిలో కూర్చుని గీసిందేనని మర్చిపోకూడదు.

జిల్లాకు తొమ్మిది వందల ఇళ్ళు

ఈ సూచికకు ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. అయిదో సర్వేలో దేశంలోని 707 జిల్లాల్లో ఆరు లక్షల 36 వేల పైచిలుకు ఇళ్ళు తిరిగారు. జిల్లాకు సుమారు తొమ్మిది వందల ఇళ్ళు. సర్వే లెక్కకు తీసుకున్న జిల్లాలు ఆంధ్రలో 13, తెలంగాణలో 31. దాంతో జనాభాలో పెద్దదైన ఆంధ్రలో 11 వేల పైచిలుకు ఇళ్ళే చూశారు, తెలంగాణలో 27 వేల పైచిలుకు. జిల్లాల గీతలు ఎక్కువ గీసుకున్న రాష్ట్రం సర్వేకు కూడా ఎక్కువ దగ్గరగా కనిపించింది.

43 మండలాల విశాఖలో తొమ్మిది వందల ఇళ్ళంటే మండలానికి సగటున ఇరవై. వాటిలో కొండ మీదివి ఎన్ని? సర్వే చేసినవాళ్ళను నేను తప్పు పట్టను. శాంపిల్‌తో ఇంతకన్నా కిందికి దిగితే వచ్చే అంకె గాలిలో దీపం. ఇరవై ఇళ్ళు చూసి మండలం మొత్తానికి శాతం చెబితే, అందులో ఇద్దరు ఉద్యోగస్తుల ఇళ్ళు పడినా చాలు లెక్క తలకిందులవడానికి.

దీనికి దారి ఉంది, అది కొత్తదీ కాదు. సర్వేలో లోతుగా అడిగిన ప్రశ్నలూ, జనగణనలో ఇంటింటికీ అడిగిన చిన్న ప్రశ్నలూ రెండూ కలిపి, ఎలాంటి గోడ, ఎలాంటి పొయ్యి, ఎంత చదువు ఉన్న ఇంట్లో ఖర్చు ఎంత ఉంటుందో సర్వే నుంచి నేర్చుకుని, దాన్ని జనగణనలోని ప్రతి ఇంటికీ అన్వయించి చిన్న ప్రాంతాల పటాలు గీస్తారు. చాలా దేశాల్లో చేశారు. కానీ దానికి తాజా జనగణన కావాలి. మనకున్నది 2011ది. అప్పుడు నా చేత్తో వేసిన అంకెలతో ఇవాళ్టి పటం గియ్యలేరు.

ఉపగ్రహం నుంచి రాత్రి వెలుతురు చూసి పేదరికం అంచనా వేస్తున్నారని కూడా చదివాను. మంచిదే, కానీ భీమవరం వైపు రాత్రి రైల్లో వెళ్ళినవాళ్ళకు రొయ్యల చెరువుల మీద వెలిగే లైట్లు గుర్తుంటాయి. ఆ వెలుగు చెరువు యజమానిదా, గట్టు మీద పాకలో కాపలా పడుకున్న కూలీదా, ఆకాశం నుంచి ఎలా తెలుస్తుంది?

మా లెక్కల మాస్టారి అభ్యంతరం

నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారొకాయన ఉన్నారు. ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తారు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, “మీరు శాతం చూస్తున్నారు గురువుగారూ, సంఖ్య చూడండి” అన్నారు. ఉదాహరణకు ఒక ఏజెన్సీ మండలంలో నలభై వేల మంది ఉండి సగం మంది పేదలనుకుందాం. ఇరవై వేలు. పట్నంలో ఇరవై లక్షల మంది ఉండి అయిదు శాతమే పేదలనుకుందాం. లక్ష. పటం మీద మండలం ఎర్రగా, పట్నం తెల్లగా కనిపిస్తుంది. పేదలు ఎక్కువమంది తెల్లరంగులోనే ఉన్నారు. పటం చూసి డబ్బు పంచితే కొండవాలు మురికివాడల్లో ఉన్నవాళ్ళ గతేమిటి?

ఈ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించాను. విశాఖలోనే కొండల మీద కట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు, వాళ్ళూ బిందెలతో మెట్లెక్కుతారు. మనిషికి అందే పెన్షన్, రేషన్ లాంటివాటికి పటంతో పని ఉండకూడదు, ఎక్కడున్నా అందాలి. కానీ రోడ్డు, ఆసుపత్రి, బ్యాంకు, హైస్కూలు మనిషికి విడిగా ఇవ్వలేం. అవి ఊరు మొత్తానికి ఇవ్వాలి. నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నారని వార్త వచ్చిన ప్రతిసారీ మనం చూసేది ఆ ఇంటి పేదరికం ఒక్కటే కాదు, ఆ చోటి పేదరికం కూడా. ఆవిడ చేతిలో పదివేలున్నా అంబులెన్స్ ఆ కొండెక్కదు. ఆ రకం లేమిని కొలవడానికి పటం తప్ప వేరే దారి నాకు తోచలేదు.

మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు. వెనుకబడిన మండలం అని ముద్ర పడితే నిధులొస్తాయని ప్రతి నాయకుడూ తన మండలాన్ని అందులో పెట్టించుకుంటాడని. నిజమే, జరుగుతుంది. ముద్రకు వేరే బరువు కూడా ఉంది. మా కొలీగ్ ఒకాయన కూతురి సంబంధం మాట్లాడుతూ అవతలివాళ్ళు “మీది ఆ వెనకబడిన జిల్లానా” అన్నారట. ఆయన చెప్పుకుని బాధపడ్డాడు. అయినా ముద్ర భయంతో లెక్క ఆపితే నష్టం ఎవరికో మనకు తెలుసు.

అసలు చిక్కు వలస. మనిషిని ఏ చోటి లెక్కలో వెయ్యాలి? 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ముందురోజు రాత్రి బస్సుల మీద కూర్చుని, వేలాడుతూ జనం సొంతూళ్ళకు చేరడం టీవీలో చూశాను. ముంబై, భివండీల నుంచి కూలి పోగొట్టుకుని వచ్చారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే తమ పేరు పోతుందని భయం. పాలమూరు కూలీ ఏడాదిలో ఎనిమిది నెలలు ఎక్కడో గుడారంలో ఉంటాడు. ఊళ్ళో అతని ఇంటికి తాళం, సర్వేవాళ్ళు పక్కింటికి వెళ్తారు. గుడారం ఉన్న చోట అతనికి ఇంటి నంబరు ఉండదు. రెండు పటాల్లోనూ అతను లేడు. నేనడిగే మండలం పటంలో కూడా ఉండడు. ఇది నా వాదనలో ఉన్న పెద్ద రంధ్రం, నాకు తెలుసు. కనీసం తాళం వేసిన ఇళ్ళెన్నో, వాళ్ళు ఎందుకు వెళ్ళారో పక్కింటివాళ్ళను అడిగి ఊరివారీగా రాయొచ్చు. ఏ ఊళ్ళో తాళాలు ఎక్కువో చూస్తే కొంత తెలుస్తుంది.

కింది దాకా దిగాలన్నది కేంద్రానికి కూడా అర్థమైనట్టే ఉంది. 2023లో జిల్లాల పథకానికి తోడు దేశంలో 500 బ్లాకులతో ఆకాంక్షిత బ్లాకుల పథకం మొదలుపెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో ఇది ఇంకా తేలిక కావాలి. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టుకున్నాం. వేరే రాష్ట్రాల బ్లాకులకన్నా మన మండలం చిన్నది, మనిషి నడిచి వెళ్ళి అడగగలిగినంత దగ్గరది. రాబోయే జనగణన లెక్కలు వచ్చిన ఏడాదిలోపే మండలాలవారీగా, ఊళ్ళవారీగా తెలుగులో అచ్చువేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. తెలంగాణ 2014 సర్వేలో కోటికి పైగా కుటుంబాల వివరాలు రాసుకున్నారు, ఊరివాళ్ళ చేతికి ఏమొచ్చింది? ఫారం నింపిన నాకే నేను నింపిన ఊరి పట్టిక చూడటానికి చాలా ఏళ్ళు పట్టింది, అదీ ఇంగ్లీషులో.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు అదే ఏజెన్సీలో టీచరు. జనగణన డ్యూటీ పడుతుందని, సొంతూరే రావచ్చని పోయిన వారం ఫోన్ చేశాడు. “మాస్టారూ, అప్పట్లో మా ఊరి నీళ్ళకి మీరేం రాశారు?” అని అడిగాడు. దగ్గరలో అని రాశానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఇళ్ళ ముందు కుళాయిలు పెట్టారని, సంక్రాంతి దాటాక వాటిలో నీళ్ళు రావని, మళ్ళీ గెడ్డకే దిగుతున్నారని చెప్పాడు. కుళాయి వాకిట్లో ఉంది కాబట్టి ఈసారి ఆవరణలోనే అని రాయాలేమో అన్నాడు. ఫారంలో నిబంధన ప్రకారమే రాయమన్నాను. దాంతోపాటు ఒకసారి గడియారం పెట్టుకుని గెడ్డకు వెళ్ళి రమ్మన్నాను.

నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టాడు. “అమ్మతో వెళ్ళాను మాస్టారూ. దిగడానికి 6 నిమిషాలు. బిందె నిండడానికి 3. ఎక్కడానికి 19, మధ్యలో రెండుసార్లు ఆగింది. మొత్తం 28. రోజుకి అయిదుసార్లు.”